పాటు తిరిగేదాకా

ట్రైనింగయ్యాక నాకు మొదటి పోస్టింగు సముద్రం ఒడ్డున వచ్చింది. ఐ.పోలవరం దాటి, బస్సు ఆగిపోయే చోట దిగి, అక్కణ్ణించి పడవెక్కి మడచెట్ల మధ్య నుంచి పోతే వచ్చే దిబ్బ అది. గోదావరి పాయ ఒకటి ఆ ఊరి పక్కనే సముద్రంలో కలుస్తుంది. ఊళ్ళో అందరిదీ చేపల వేటే. బడి అంటే ఒక తాటాకు పాక, ఒక నల్లబల్ల, నేను. డెబ్భైల మధ్యలో సంగతి.

నేనున్న ఇల్లు ఒక ముసలాయనది. వయసులో ఉండగా నావకి చుక్కాని పట్టేవాడు. ఇప్పుడు ఊరికి పెద్ద, గాలి చూసి ఆయన సరేనంటేనే నావలు కదిలేవి. భార్య పోయింది. కూతురు ఒక్కతే, నా ఈడుది. దూరం పంపలేక అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నాడు. ఆ పిల్లకి ఒక పాప, అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. వసారాలో ఓ పక్క తడిక కట్టి నాకు గది చేసిచ్చేరు. కూతురు నాకు కూర పెట్టేది. నేను పాపకి జడ వేసేదాన్ని. అల్లుడు నవ్వుమొహం మనిషి. వేట నుంచి వస్తూ గుమ్మంలోనే, "పంతులమ్మగారండీ, ఇయాల మీ అదృష్టం, పండుగప్ప పడిందండి" అని కేకేసేవాడు.

దీపావళి దాకా ఆ ఊరు బాగానే ఉండేది. ఆ తరవాత గాలి తిరిగేది. ఈశాన్యం నుంచి మొదలైందంటే పుష్యమాసం దాకా తెరిపి ఉండేది కాదు. ఆరేసిన బట్టలు ఆరేవి కావు. పలకల మీద రాసినవి చెమ్మకి అలుక్కుపోయేవి. అన్నం కలుపుకుంటే పళ్ళ కింద ఇసక కరకరమనేది. సముద్రం కుడితి రంగుకి మారి, నురుగు ముద్దలు ముద్దలుగా గాలికి లేచి బడి గుమ్మంలో పడేది. ఒక వాయుగుండం పోయిందనుకుంటే ఇంకోటి. నావలన్నీ ఒడ్డున బోర్లించి ఉండేవి. వేట లేకపోతే పొయ్యి లేదు. పిల్లలు బడికి వచ్చి కూర్చునేవారు కానీ, మధ్యాహ్నానికి తలలు వాలిపోయేవి. ఎండుచేపలు కూడా అయిపోయాక గంజిలో ఉప్పు వేసుకు తాగేవారు. నా బియ్యంలోంచి కొంత ఇస్తే ముసలాయన, "వద్దండి, మీరు మాత్రం ఏం తింటారు?" అనేవాడు.

నేను వెళ్ళిన రెండో ఏడు మార్గశిరంలో అలాంటి రోజులు వరసగా గడిచేక, ఒక పొద్దున్న గాలి ఆగిపోయింది. ఎండ కూడా వచ్చింది. వాయుగుండం దక్షిణం వైపు వెళ్ళిపోతోందని రేడియోలో చెప్పేరు. ముసలాయన ఆకాశం చూసి, "వెళ్ళొచ్చు. పొద్దెక్కేలోగా వచ్చెయ్యండి" అన్నాడు. అల్లుడు ఇంకో ముగ్గురితో కలిసి నావ దింపేడు. మిగతావాళ్ళు వలలు బాగుచేసుకుంటూ ఉండిపోయేరు.

బడి సగంలో ఉండగా తడికలు టపటపా కొట్టుకోవడం మొదలెట్టేయి. పిల్లలే ముందు లేచేరు. అందరం ఒడ్డుకి పరిగెత్తేం.

అక్కడి సంగతి కొంచెం చెప్పాలి. నీరు లోపలికి తోసుకొస్తే పోటు, వెనక్కి లాగితే పాటు. ఆ వేళ పాటు. పాయలో నీరంతా సముద్రంలోకి లాగుతోంది. ఎదురుగా ఈశాన్యపు గాలి. ఆ రెండూ కొట్టుకునే చోట, పాయ సముద్రంలో కలిసే మొగలో, కెరటాలు గోడల్లా లేచి నిలువునా విరిగి పడుతున్నాయి. నావ ఇంటికి రావాలంటే ఆ మొగలోంచే రావాలి. వాళ్ళొచ్చేరు. మేం చూస్తూండగానే ఒక కెరటం నావని పక్కకి తిప్పింది. రెండోది బోర్లా వేసింది.

మనుషులు కనిపిస్తూనే ఉన్నారు. బోర్లాపడ్డ నావ పట్టుకుని నాలుగు తలలు. కేక వినపడదు గానీ చెయ్యి ఎత్తితే తెలిసేంత దూరం.

నలుగురు కుర్రాళ్ళు ఇంకో నావని నీళ్ళలోకి తోసేరు. ముసలాయన పరిగెత్తుకు వెళ్ళి ఆ నావ ముందు చీలమండల్లోతు నీళ్ళలో నిలబడ్డాడు. చుక్కాని తెడ్డు లాగేసి చంకలో పెట్టుకున్నాడు.

"పాటు తిరగనియ్యండ్రా. ఇప్పుడు దిగితే మీరూ రారు."

"అందాకా ఆళ్ళుంటారా మావా?" అని ఒకడు ఏడుస్తూ అడిగేడు.

"నావ పట్టుకునుంటే ఉంటారు. ఆగండి."

కూతురు వచ్చి తండ్రి కాళ్ళు పట్టుకుంది. "నాన్నా, అక్కడున్నది నీ అల్లుడు! తెడ్డు ఇచ్చెయ్యి నాన్నా, నీకు దణ్ణం పెడతాను." ఆయన కిందికి చూడలేదు. ఆ పిల్ల లేచి తనే నీళ్ళలోకి పోబోయింది. అప్పుడాయన నా వైపు తిరిగి, "పంతులమ్మగారూ, దాన్ని పట్టుకోండి" అన్నాడు. నేనూ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ పట్టుకున్నాం. ఎంత గట్టిగా గింజుకుందో! నా ముంజేతి మీద ఆమె గాజులు పగిలి గీరుకుపోయాయి. పాపని ఎవరో ఎత్తుకుని ఊరివైపు తిప్పేరు. అలా నిలబడి చూస్తూనే ఉన్నాం. నాలుగు తలలు మూడయ్యేయి. ఆ పోయింది ఎవరో అక్కణ్ణించి తెలియడం లేదు. ప్రతి ఇంటివాళ్ళూ తమవాడు కాదనుకుంటున్నారు.

పాటు తిరిగి, మొగలో నీరు కాస్త చదునయ్యేక ముసలాయన తెడ్డు వదిలేడు. నావ వెళ్ళింది. ఇద్దర్ని తెచ్చింది.

ఆ ఇద్దరిలో ఒకడు ఇసక మీద వణుకుతూ, ఎవరూ అడక్కుండానే చెప్పేడు. "ఇప్పటిదాకా మాతోనే ఉన్నాడు. నావ వస్తోందిరా అని మాకు ధైర్యం చెప్పేడు. ఇప్పుడే... చేతులు జారిపోయేయి."

అల్లుడి గురించే ఆ మాట. కూతురు విన్నది. ముసలాయనా విన్నాడు.

ఆ నెలల్లో నీరు దక్షిణానికి లాగుతుంది. ఆ దిక్కునే వెతికితే శవం కొన్నాళ్ళకి దొరికింది. మొహం చూడనివ్వలేదు. మొలతాడు చూసి కూతురు గుర్తుపట్టింది.

ఆ తరవాత ఆమె తండ్రితో మాట్లాడలేదు. కోపంతో వెళ్ళిపోలేదు, వెళ్ళడానికి ఇల్లు లేదు. వేళకి అన్నం పెట్టేది, పంచె ఉతికేది, కాళ్ళనొప్పులంటే ఆముదం కాచి గిన్నె పక్కన పెట్టేది. మాట మాత్రం నా ద్వారానే. "పంతులమ్మగారండీ, అన్నం పెట్టేనని చెప్పండి." ఆయన అక్కడే కూర్చుని వింటూ ఉండేవాడు. అయినా నేను చెప్పేదాన్ని. "ఆయ్" అని ఆయన నాకే జవాబిచ్చేవాడు.

ఊళ్ళో కూడా రెండు మాటలయ్యేయి. ఆయన ఆపబట్టే ఇంకో నాలుగిళ్ళు నిలబడ్డాయన్నవాళ్ళు ఎక్కువ. పాటు పూర్తిగా తిరక్కముందే కొంత సద్దుకుందని, అప్పుడే వదిలి ఉంటే దక్కేవాడని అన్నవాళ్ళూ ఉన్నారు. ఒకసారి నేనుండబట్టలేక, "మీ నాన్నగారు చేసింది తప్పు కాదేమో" అన్నాను. ఆమె చేపలు తోముతున్న చెయ్యి ఆపలేదు.

"తప్పని నేననలేదండి. ఆ పూట నాకు ఊరిపెద్ద అక్కర్లేదండి. నాన్న కావాల్సొచ్చేడు."

ముసలాయన ఒడ్డుకి వెళ్ళడం మానేసేడు. వేటకెళ్ళేవాళ్ళు పొద్దున్నే వచ్చి గాలి సంగతి అడిగితే, "నన్నడక్కండ్రా, రేడియో వినండి" అనేవాడు. సముద్రం కనపడకుండా పాయ వైపు తిరిగి కూర్చుని పాత వలలు విప్పేవాడు.

మరుసటి ఏడు కార్తీకంలో మళ్ళీ గాలి మొదలైన రోజుల్లోనే జ్వరంతో పడ్డాడు. ఆదివారం మధ్యాహ్నం నేను దగ్గర కూర్చుంటే, పొయ్యి దగ్గరున్న కూతురికి వినపడేలా నాతో అన్నాడు. "కొంచెం ముందు వదలాల్సిందేమోనండి. నాకూ తెలీలేదండి. తెలిసినట్టు నిలబడ్డాను." ఆమె లేచి వచ్చింది. ఏదో అంటుందనుకున్నాను. తడిగుడ్డతో ఆయన మొహం తుడిచి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే ఆయన పోయేడు.

వసారాలో పడుకోబెట్టేక ఆమె తల దగ్గర కూర్చుని మాట్లాడడం మొదలెట్టింది. ఏడుపు రాగం కాదు, మామూలు మాటే. పాప పలక పట్టిందని, పెంకుటింటివాళ్ళ పిల్ల పెళ్ళయిందని, కప్పు తాటాకు ఈ ఏడు మార్చాలని, మేక ఈనిందని. ఏడాది పాటు చెప్పని కబుర్లన్నీ వరసగా చెప్పింది. వచ్చినవాళ్ళు ఆపబోతే ఒక ముసలమ్మ కళ్ళతోనే వారించింది. బయట వాన. గాలికి పాడె తడికలు ఎగిరిపోకుండా ఇద్దరు పట్టుకు నిలబడ్డారు. ఆమె చెప్పడం అయ్యేదాకా ఎవరం కదల్లేదు.

నాకు ఆ వేసవిలో ట్రాన్స్‌ఫరయింది.

ఎనభైల చివర్లో మురమళ్ళ బస్సు స్టాపులో ఎండుచేపల గంపతో కనిపించింది. నేను గుర్తుపట్టకముందే తనే, "పంతులమ్మగారండీ!" అంది. అప్పుడే జుట్టు నెరిసిపోయింది. పాప గురించి అడిగేను. రాయవరం వైపు వ్యవసాయం చేసుకునేవాళ్ళకి ఇచ్చిందట.

"అడిగినోళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారండి. నేనే ఇవ్వనన్నాను. అక్కడ గాలొస్తే వరి పడిపోతుందంటండి. ఏడుస్తారు, మళ్ళీ ఊడుస్తారు."

బస్సు వచ్చింది. వాసనొస్తోంది, గంప పైన వెయ్యమని కండక్టరు కసిరేడు. ఆమె చీర కుచ్చిళ్ళు బిగించి, గంప నెత్తినపెట్టుకుని, బస్సు వెనక నిచ్చెనెక్కింది.