అన్న పాటకు ల్యాప్‌టాప్ తాళం

నంద్యాలలో నా గొంతు వినని మనిషి ఉండడు. వినాలని ఎవరూ కోరుకోలేదు, తప్పించుకునే దారిలేక విన్నారంతే. ఆటోకు మైకు కట్టి "అక్కలారా, చెల్లెళ్లారా, చీరల మీద భారీ తగ్గింపు" అని సందుసందునా అరిచే గొంతు నాదే. కొత్తగా తెరిచిన పళ్ల ఆసుపత్రికీ నేనే, పదో తరగతి ట్యూషన్లకూ నేనే, తప్పిపోయిన బర్రెకూ నేనే. ఇంటి వెనక గదిలో గోడలకు పాత బొంతలు వేలాడదీసి, ఒక మైకు, ఒక ల్యాప్‌టాప్ పెట్టుకుని ఈ రికార్డింగులు చేస్తుంటాను. మనసు బాగున్న రోజు మా ఆయన ఆ గదిని స్టూడియో అంటాడు. మిగతా రోజుల్లో బొంతల కొట్టు అంటాడు.

అసలు వినాల్సిన గొంతు మా అన్నది. ఆయన ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కుతాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో నల్లరాయి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఉలి మీద సుత్తి పడుతుంటే తత్వాలు పాడతాడు. అవన్నీ మా నాయన దగ్గర నేర్చుకున్నవి. నేనూ చిన్నప్పుడు పక్కన కూర్చుని తాళాలు వాయించేదాన్ని. నాయన ఎంత ఓర్చుకునేవాడో పాపం, కొన్నాళ్లకు తాళాలు తీసి అటక మీద పెట్టేశాడు. ఇంకా విగ్రహం కాలేదేమని గొడవపడటానికి వచ్చినవాళ్లు అన్న పాట వింటూ ఆ సంగతి మరిచిపోయి, టీ తాగి వెళ్లిపోయేవాళ్లు. అలాంటి గొంతు ఎక్కడా ఒక్క ముక్క రికార్డు కాలేదు. బర్రె సంగతి మాత్రం మూడు రకాలుగా రికార్డయింది.

మొన్న వేసవికి ముందు అన్న గొంతులో గడ్డ బయటపడింది. సోమవారం ఆపరేషన్ అన్నాడు కర్నూలు డాక్టరు. ప్రాణానికి భయం లేదట. మాట మిగిలితే అదృష్టమట, పాట సంగతి మాత్రం తనను అడగొద్దన్నాడట. ఆ సాయంత్రమే మా వదిన ఫోన్ చేసింది.

"ఏమ్మే, ఊర్లో బర్రెలకంతా రికార్డింగులు చేస్తాండావు గదా! మీ అన్న పాట పట్టిపెట్టలేవా? సోమవారం పోతే ఆ పాట నాకు మళ్లా యాడ దొరుకుతుంది?"

గురువారం అన్నను పంపించమన్నాను. నోటితోనే బతికే మనిషికి అప్పటిదాకా ఆ ఆలోచన రాకపోవడం మామూలు విషయం కాదు.

గురువారం పొద్దున బస్సుకు అన్న నంద్యాల వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు మైకు ముందు కుర్చీలో కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఫ్యాను ఆపేశాను, తలుపు మూశాను, పాడమన్నాను. ఒక పల్లవి పాడాడు. తర్వాత వేసి వింటే పాటలో టప్, టప్ అని ఒకటే చప్పుడు.

"ఏందీ పాపా, పాట రికార్డు చేస్తాండావా, బొరుగులు వేయిస్తాండావా?" అన్నాడు అన్న.

నాకు ఒళ్లు మండింది. మైకు మార్చాను, వైరు మార్చాను, బొంతలు సర్దాను. టప్, టప్. నా ప్రకటనల్లోనూ ఆ చప్పుడు ఉండేదేమో, ఆటో ఇంజను మోతలో ఎవరికి తెలుస్తుంది? అన్నను అక్కడే కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని బస్టాండు దగ్గరి రిపేరు అంగడికి పరిగెత్తాను. అక్కడున్నాయన కాసేపు అదీ ఇదీ నొక్కి చూసి తేల్చేశాడు.

"మైకుది తప్పు గాదక్కా. దీని ప్రాసెసర్ కునుకు తీస్తాంది. పని తక్కువుంటే కరెంటు మిగిలిద్దామని వేగం తగ్గించుకుంటాది. మళ్లా ఉలిక్కిపడి లేస్తాది. ఆ లేసే సందులో సౌండు తెగిపోతాంది."

ఓరి దీని దుంపతెగ! కరెంటు బిల్లు కట్టేది నేను, పొదుపు చేసేది ఇది. ఇంట్లో ఇంకెవరికీ లేని బాధ్యత దీనికొక్కదానికే వచ్చింది. పొదుపు సెట్టింగు తీసేసి, పూర్తి వేగంతో నడిచేట్టు పెట్టించుకున్నాను. ఇంటికొచ్చి మొదలుపెడితే అది పెనంలాగా కాలిపోయింది, లోపలి ఫ్యాను పిండిమిల్లులాగా మోగింది, ఆ వేడికి మళ్లీ వేగం తగ్గించుకుని మళ్లీ టప్. రిపేరాయనకు ఫోన్ చేశాను. పొదుపూ, పూర్తి వేగమూ కాకుండా సెట్టింగు మధ్యరకంలో పెట్టి, దానికి కొంచెం చిల్లర పని అప్పజెప్పమన్నాడు. ఏదన్నా వీడియో సౌండు లేకుండా ఆడిస్తే అది నిద్రపోదట, మరీ వేడెక్కదట.

నా దగ్గరున్న వీడియో ఒకటే, నా పెళ్లిది. తెర మీద ఒక పక్క పాట రికార్డవుతోంది, ఇంకో పక్క నా పెళ్లి మూగగా జరిగిపోతోంది. చప్పుడు పూర్తిగా పోయింది! ఆ పెళ్లి వల్ల ఒక పని సజావుగా జరగడం అదే మొదలని మా ఆయనతో అన్నాను. ఆయన నవ్వలేదు.

తీరా యంత్రం దారికొచ్చేసరికి మనిషి దారి తప్పాడు. రెండో చరణం దగ్గర అన్న ఆగిపోయాడు. మొదటినుంచి ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే ఆగాడు. ఇంకో తత్వం అందుకుంటే అదీ సగంలో పోయింది. పుట్టినప్పటినుంచి పాడినవి మరిచిపోవడమేంది, భయపడుతున్నాడా? నేనేమో బుజ్జగించాల్సింది పోయి కసురుకున్నాను.

"అన్నా, మనసు పెట్టు కొంచెం! మైకులో మాట్లాడేది ఏమంత బ్రహ్మవిద్య గాదు."

"నీకేంలే. చీరలు, బర్రెలు. చూసి చదువుతావు" అన్నాడు. "నాకు చేతిలో ఏమీ లేకుంటే నోట్లోకి ఏమీ రాదు పాపా. ఉత్తగ కూసుని ఎప్పుడన్నా పాడినానా?"

మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. నేను బొంతల మధ్య కూర్చుని ఏడ్చాను. గోడకున్న బొంతల పుణ్యమా అని బయటికి వినిపించలేదు.

శనివారం ల్యాప్‌టాప్, మైకు బ్యాగులో వేసుకుని నేనే ఆళ్లగడ్డ వెళ్లాను. షెడ్డులో అడుగుపెట్టేసరికి కరెంటు లేదు. లైను పని ఉందట, సాయంత్రం దాకా రాదట. దుమ్ము తగలకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి అన్న రెండు వారాలుగా ఉలి ముట్టుకోలేదు. ఉత్తచేతులతో ఆయనకు పాట రాలేదని చెబితే వదిన లేచింది. బిందెతో నీళ్లు తెచ్చి సగం చెక్కిన నంది మీద గుమ్మరించింది.

"తడిరాయికి దుమ్ము లేయదు. నేను పోస్తాంటా, నువ్వు కొట్టు. బేగా కానీ" అంది.

కరెంటు లేని చోట నా పెళ్లి వీడియో ఆడిస్తే బ్యాటరీ అరగంట కూడా ఆగదు. ఇక చేసేదేముంది? మూడు రోజులుగా నేను తిట్టిపోసిన ఆ పొదుపు సెట్టింగునే మళ్లీ పెట్టాను. టప్‌మంటే అననీ, ముందు పాట దక్కనీ అనుకున్నాను. రికార్డింగు నొక్కాను.

అన్న ఉలి పట్టుకున్నాడు. సుత్తి నాలుగు దెబ్బలు పడిందో లేదో, పాట దానంతటదే వచ్చేసింది. గొంతు బొంగురుగానే ఉంది, అయినా ఒక్క మాట తడబడలేదు. వదిన నీళ్లు పోస్తూనే ఉంది, ఆయన పాడుతూనే ఉన్నాడు. ఒకటయ్యాక ఒకటి, నేను చిన్నప్పటినుంచి విననివి కూడా పాడాడు. మధ్యలో దగ్గు వస్తే ఆగాడు, నీళ్లు తాగాడు, మళ్లీ ఎత్తుకున్నాడు. బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. అయినా ఆ దరిద్రపు ల్యాప్‌టాప్, కునికిపాట్లు పడుతూనే, ఆఖరి పాట పూర్తయ్యేదాకా బతికింది. ఇక దాన్ని తిట్టే హక్కు నాకు లేకుండా పోయింది.

ఆపరేషన్ బాగా జరిగిందన్నాడు డాక్టరు. గడ్డ పోయింది, దాంతోపాటే గొంతు కూడా పోయింది. ఇప్పుడు అన్న మాట్లాడితే గాలి వస్తుంది. ఆ గాలిలోంచి మాటను ఏరుకోవాలంటే చెవి దగ్గరగా పెట్టాలి.

ఆయన కోలుకుంటున్న రోజుల్లో నేను ఆ రికార్డింగు ముందేసుకుని కూర్చున్నాను. చప్పుళ్లు తీసేసే మీట ఒకటుంది ల్యాప్‌టాప్‌లో. నొక్కితే ల్యాప్‌టాప్ టప్‌లతోపాటు సుత్తి దెబ్బలు కూడా చాలావరకు పోయాయి. మిగిలిన అన్న గొంతు కడిగిన ముత్యంలాగా ఉంది. మురిసిపోయి ఆళ్లగడ్డకు పట్టుకెళ్లాను.

షెడ్డులో కూర్చుని వినిపించాను. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అన్న మాత్రం ఏదో వెతుక్కుంటున్నవాడిలాగా అటూ ఇటూ చూశాడు. కాసేపటికి సుత్తి అందుకుని, పాటలో ఖాళీ అయినచోటల్లా ఉత్త రాయి మీద తనే కొట్టడం మొదలుపెట్టాడు. నాకు సిగ్గేసింది. శుభ్రం చేయకముందుది తీసి పెట్టాను.

సుత్తి కింద పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు. మోకాలి మీద వేలు దెబ్బ వెంబడి దెబ్బ లెక్కగా పడుతోంది. ఒకచోట వేలు ఆగిపోయింది. కళ్లు తెరిచి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. వంగి చెవి పెట్టాను.

"ఆ దెబ్బ నాది గాదు."

"అది నాదిలే అన్నా. నా ల్యాప్‌టాప్‌ది. తీసేయనా?"

వద్దని చెయ్యి ఊపాడు. ఊపిరి పోగుచేసుకుని, మాట వెంబడి మాట పేర్చుకుంటూ చెప్పాడు.

"ఉండనీ పాపా. చిన్నప్పుడు గూడా నువ్వు తాళం తప్పుతానే ఉంటివి."

అంతసేపు మాట్లాడేసరికి ఆయాసం వచ్చింది. వదిన పరుగున నీళ్లు తెచ్చింది. ఆపరేషన్ అయినాక మా అన్న ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. అవన్నీ నన్ను ఎగతాళి చేయడానికే ఖర్చుపెట్టాడు.