తెరోయ్ బాబాయ్‌కి దక్కిన డైలాగు

శనివారం సాయంత్రం వచ్చే కామెడీ షోలో తెరోయ్ బాబాయ్ వేయని వేషం లేదు. చెప్పుదెబ్బలు తిన్నాడు, ముఖాన పిండి కొట్టించుకున్నాడు, దున్నపోతుకు వెనక కాళ్లయ్యాడు, శవపేటికలో పడుకుని ఊపిరి బిగబట్టాడు. పన్నెండేళ్లలో ఒక్క మాట మాట్లాడే అవకాశం మాత్రం రాలేదు. దాన్నే కళాసేవ అంటారని స్టూడియోలో అందరూ ఒప్పుకున్నారు, ఆయన తప్ప. నేను ఆ షోలో నటులకు కనబడేలా డైలాగుల అట్ట పట్టుకునేవాణ్ణి. కేసోన్ సిటీలో మా ఇద్దరిదీ ఒకటే సందు.

ఒకరోజు ఆయన రొప్పుతూ మా గుమ్మంలోకి వచ్చాడు.

"ఒరేయ్ దాంతే, డైలాగిచ్చార్రా!"

స్కెచ్ చావింటిది. శవజాగారానికి వచ్చినవాళ్లు పేకాట మొదలుపెట్టి, బిస్కెట్లు మెక్కుతూ ఎంతకీ కదలరు. ఇంటాయన వేషంలో ఉన్న బాబాయ్ విసిగిపోయి, "వచ్చినందుకు థాంక్సండీ. పదండి, గేటు దాకా సాగనంపుతాను" అనాలి. వాళ్లు బల్లలు తన్నుకుంటూ పారిపోవాలి. మాలో చావింటివాళ్లు ఎవరికీ థాంక్స్ చెప్పరు, ఎవరినీ సాగనంపరు. సాగనంపితే ఆ వెనకే ఇంట్లోంచి ఇంకో మనిషి బయల్దేరతాడని భయం.

బాబాయ్ అద్దం ముందు సాధన మొదలుపెట్టాడు. రెండోసారికే ఆయన భార్య కోరింగ్ పిన్ని గరిటెతో వచ్చింది.

"మా అమ్మ ఆ గదిలో మంచం దిగలేక మూలుగుతోంది. నువ్విక్కడ ఎవర్ని సాగనంపుతున్నావయ్యా?"

"అది డైలాగే!"

"మా అమ్మకేమన్నా అయితే నువ్వే పంపావంటాను. సందంతా వినేట్టు అంటాను."

లోపల్నుంచి ముసలమ్మ అంది: "చెప్పనీవే, పాపం. ఇన్నేళ్లకు ఒక మాట దొరికింది."

ఆ జాలికే బాబాయ్ ఎక్కువ భయపడ్డాడు.

షూటింగ్ రోజు రచయిత రోమెల్‌ని బతిమాలాడు. "బాబూ, ఇంకేదైనా మాట పెట్టు."

రోమెల్ యూనివర్సిటీలో నాటకాలు చదివినవాడు. "మూఢనమ్మకాన్ని చావగొడుతున్నాం బాబాయ్. భయమైతే చెప్పండి, క్యూలో చాలామందున్నారు" అని, మెడలోని శిలువను ముద్దుపెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

కెమెరా తిరిగింది. నేను అట్ట ఎత్తాను. బాబాయ్ నోరు తెరిచాడు, మూశాడు. కుడిచెయ్యి గేటువైపు లేవబోతే ఎడమచేత్తో పట్టి దించుకున్నాడు. పెదవులు వణికాయి. షో చూడ్డానికొచ్చి ఎదుట కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె కిసుక్కుమంది. ఆయన ఏ మాట మింగుతున్నాడో వాళ్లందరికీ తెలుసు.

పేకముక్కలు పట్టుకున్న హీరో కనిపెట్టి అందుకున్నాడు. "ఏంటి బావా, కొంపదీసి థాంక్స్ చెప్తావా ఏంటి?"

బాబాయ్ హడలిపోయి తల అడ్డంగా ఊపాడు. స్టూడియో పగలబడి నవ్వింది. డైరెక్టర్ కట్ చెప్పలేదు.

శనివారం ఆ స్కెచ్ చూసి ఊరంతా నవ్వింది. మూఢనమ్మకం ఏ దెబ్బా తినకుండా బయటపడింది. రోమెల్‌కి మెచ్చుకోళ్లు వచ్చాయి. మౌనం తన ఆలోచనేనని అతను అందరికీ చెప్పాడు. మరుసటి వారం నుంచి బాబాయ్‌కి సొంత పాత్ర దొరికింది: ఏదో చెప్పబోయి చెప్పలేక నిలబడే మనిషి.

"ఈసారైనా ఒక మాట..." అని బాబాయ్ అడిగితే రోమెల్ ఆయన కాళ్లు పట్టుకున్నంత పనిచేశాడు. "మీరు నోరు విప్పితే షో పోతుంది బాబాయ్!"

మొన్న మార్కెట్లో ఆయనతో ఉన్నాను. చేపల దుకాణం ముందు ఆగి ధర అడగబోయాడు. చేపలావిడ గుర్తుపట్టింది. "ఆగు బాబాయ్, ఏమీ అనకు! ఒసేయ్, అందరూ రండే, ఈయన్ని చూడండి!"

జనం మూగారు. బాబాయ్ నావైపు ఒకసారి చూసి, పెదవులు వణికించాడు.