రామక్క చూసిన చేను

పినపాక వైపు నేను పంతులుగా ఉన్న ఊళ్లో రామక్క మంత్రసాని. ఊళ్లో సగం మందికి బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. కళ్లారా చూడనిదాన్ని "గట్లనట" అని కూడా అనేది కాదు. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్లు మండేది.

2008లో, అడవి కొట్టి సాగు చేసుకున్న పోడు భూములకు పట్టాలిస్తామని అధికారి వచ్చాడు. 2005 డిసెంబరుకు ముందు నుంచే సాగులో ఉన్న చేనుకే పట్టా. కాగితం లేకపోతే ఊరి పెద్దల సాక్ష్యం కావాలి. మగడు పోయిన నాగక్క మూడెకరాలకూ, వాటిని ఆనుకొని ఉన్న గోపాలు రెండెకరాలకూ సాక్షి రామక్కే. గోపాలు ఆమె కొడుకు. రాసే పని నాకు అంటగట్టారు.

"నాగక్క చేను ఎప్పటిదో నీకెట్లా తెలుసు?" అడిగాడు అధికారి.

"నువ్వులు కోస్తుంటే ఆ చేన్లనే ఆమెకు నొప్పులొచ్చినయ్. బొడ్డు నేనే కోసిన. ఆ పిల్లకిప్పుడు ఐదేండ్లు."

"ఐదేళ్లని రుజువేమిటి?"

నేను హుషారుగా బడి రిజిస్టరు తెచ్చి చూపించాను. పుట్టింది 2003లో. అధికారి ముఖం విప్పారింది.

"గది నేను చెప్తేనే పంతులు రాసిండు సారూ," అంది రామక్క.

నా పరువు గోదాట్లో కలిసింది. అధికారికి చిర్రెత్తింది. "మరి నిన్నెట్లా నమ్మాలి? సరే, అప్పుడు ఆ చేనుకు నాలుగు దిక్కులా ఏమున్నాయో చెప్పు."

"తూర్పున వాగు. ఉత్తరాన బండ. పడమట బాట." గోపాలు తల్లి ముఖంలోకే చూస్తున్నాడు. "దక్షిణాన అడివే. మావోడు దాన్ని కొట్టింది ఆ పిల్లకు మూడేండ్లు నిండినంక."

"అమ్మా, నీకు పిచ్చిగిట్ల లేసిందా?" అరిచాడు గోపాలు.

అంటే ఆ చేను కొట్టింది 2006లో, గడువు దాటిపోయాక. నాకూ అరవాలనిపించింది. కలం పక్కన పెట్టి, "రామక్కా, సరిగా యాదికి లేదని చెప్పు, పోతుంది," అని గొణిగాను.

"మంచిగ యాదికున్నది. గా చేను చూసిన కండ్లే గీ అడివినీ చూసినయ్. కొడుకు కోసం దీనికి కండ్లు మూసుకుంటే, నాగక్క చేను చూసిన్నంటే ఎవడు నమ్ముతడు? రాయి పంతులూ."

రాశాను. ఆమె వేలిముద్ర వేసింది. అధికారి కింద సంతకం పెట్టాడు.

నాగక్కకు పట్టా వచ్చింది. గోపాలు దరఖాస్తు తిరస్కరించారు, కారణం కింద తల్లి వాంగ్మూలమే రాశారు. ఆ ఏడు గోపాలు మిరపకాయలు ఏరే కూలికి మధిర పోతుంటే, మూట కట్టుకొని రామక్క కూడా లారీ ఎక్కింది.

"నువ్వెందుకే?" అన్నాడు కొడుకు.

"నీ రెండెకరాలు పోగొట్టింది నేను. గదీ నాకు ఎర్కే," అంది.