నా వేలికి తగిలిన బంతి

మా టౌన్‌షిప్ బాస్కెట్‌బాల్ కోర్టు మీద తెల్ల గీతలు వారం కంటే ఎక్కువ నిలిచేవి కావు. కొండ మీది గనిలోంచి దిగే ఎర్రదుమ్ము వాటిని కప్పేసేది. మ్యాచ్‌కు ముందు మేమే చీపుళ్లు పట్టుకుని ఊడ్చుకునేవాళ్లం. ఆట అయ్యాక సాక్సులు విప్పితే పాదాలు తెల్లగా, పిక్కలు ఇటుక రంగులో ఉండేవి. మా అమ్మ ఆ సాక్సుల్ని మిగతా బట్టలతో కలిపి ఎన్నడూ నానబెట్టలేదు.

అప్పుడు నేను పదకొండో తరగతి. నాన్న గనిలో డంపర్ నడిపేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లికి ముందే వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ. ఎక్కడ చూసినా నాకు ఒకటే పేరు, నోరుగల పిల్ల అని. బడి జట్టులో ఆడటం మధ్యరకంగా ఆడేదాన్ని. అభిప్రాయాలు చెప్పడంలో మాత్రం నన్ను మించినవాళ్లు లేరు. మేము ఓడిన ప్రతి మ్యాచ్‌లోనూ తప్పు రిఫరీదే. ఏ ఫౌల్ చూడలేదో, ఏ ఫౌల్ ఊహించుకుని ఊదాడో తిరుగు ప్రయాణంలో బస్సంతా వినేలా చెప్పేదాన్ని.

ఆ నోరు చూసే కాబోలు, బడిలో వార్తల బోర్డు నాకు అప్పగించారు. రోజూ ప్రార్థనకు ముందు నల్లబల్ల మీద నాలుగైదు వార్తలు రాయాలి. పత్రిక ఒకరోజు ఆలస్యంగా జగదల్‌పూర్ బస్సులో వచ్చేది. నిండా రిబ్బన్లు కత్తిరించేవాళ్లు, హామీలు ఇచ్చేవాళ్లు. ఎవరైనా చనిపోతే మాత్రం ఎవరు చంపారో ఉండదు, "మరణించారు" అని ఉంటుంది, అంతే. చదువుతుంటే ఒళ్లు మండేది. ఒకసారి పత్రికలో లేని వార్త ఒకటి రాశాను: "కొండ కింది వాగు ఎర్రగా పారుతోంది. దిగువ ఊళ్లవాళ్లు ఆ నీళ్లు తాగలేకపోతున్నారు." ప్రిన్సిపాల్ వచ్చి, డస్టర్ కోసం కూడా వెతక్కుండా తన చేతిరుమాలుతో తుడిచేశారు.

"ఇది సమాచార్ కాదు బేటా," అన్నారు మెల్లగా. "ఇది షికాయత్."

వార్తకూ ఫిర్యాదుకూ తేడా ఆయనకు అంత స్పష్టంగా తెలియడం చూస్తే నాకు రోత పుట్టింది. లోకంలో నిజం చెప్పేదాన్ని నేనొక్కదాన్నే అని ఆ రోజు నుంచి గట్టిగా నమ్మాను.

ఆ ఏడాది బడుల పోటీల సెమీఫైనల్ మా కోర్టులోనే పడింది. గెలిచినవాళ్లు ఫైనల్‌కు జగదల్‌పూర్ వెళతారు. ఎదుటి జట్టు గీదం దగ్గరి సర్కారీ హాస్టల్ అమ్మాయిలు. కొందరికి గుడ్డ బూట్లు, ముగ్గురివి ఉత్త కాళ్లు. వాళ్ల కెప్టెన్ పొట్టిగా, గట్టిగా ఉంది. మేము కోర్టు ఊడుస్తుంటే తనూ వచ్చి ఒక చీపురు అందుకుంది. నేను మా జట్టు అమ్మాయితో తెలుగులో ఏదో అనడం విని ఆగింది.

"ఏంది, నువ్వు తెలుగోళ్ల పిల్లవా?" అంది. "మాది మరైగూడ. కోంట అవతల. ఇంట్ల దోర్లీ, తెలుగు రెండు మాట్లాడతం."

చీపుళ్లు పక్కన పెట్టేలోపు మేమిద్దరం స్నేహితులం అయిపోయామనుకున్నాను.

రిఫరీ మా టౌన్‌షిప్ క్లబ్బులో గుమాస్తా. రోజూ సాయంత్రం మా కోచ్‌తో క్యారమ్స్ ఆడే మనిషి. ఆట మొదలైన రెండో నిమిషంలోనే హాస్టల్ అమ్మాయి బంతి అందుకుని తిరిగిందో లేదో విజిల్ ఊదాడు, ట్రావెలింగ్ అని, అంటే బంతి తట్టకుండా అడుగులేసిందని. ఇంకోసారి అంతే. మరోసారి అంతే. ఆ అమ్మాయి బిత్తరపోయి కెప్టెన్‌ను గోండీలో ఏదో అడిగింది. కెప్టెన్ భుజాలెగరేసింది. మొదటి రెండు విజిళ్లకు నేను చప్పట్లు కొట్టాను. అది దాచను. మూడోదానికి చేతులు ఆగిపోయాయి. సగం ఆటకల్లా వాళ్లలో పొడుగమ్మాయికి నాలుగు ఫౌళ్లు పడ్డాయి, ఇంకొక్కటి పడితే బయటికే. మా కెప్టెన్ మోచేత్తో పొడిచినా ఫౌల్ వాళ్లదే. నోట్లో పాచిపోయిన అన్నం ముద్ద పెట్టుకున్నట్టుంది, ఉమ్మలేను, మింగలేను.

ఇంత చేసినా చివరి నిమిషంలో వాళ్లే ఒక పాయింట్ ముందున్నారు. మరైగూడ అమ్మాయి గీత వెంబడి బంతిని తట్టుకుంటూ వస్తోంది. నేను చెయ్యి చాచాను. నా నడిమి వేలి కొసకు బంతి తగిలి గోరు చురుక్కుమంది. బంతి గీత దాటి బయటికి దొర్లింది. న్యాయంగా అయితే బంతి వాళ్లది. రిఫరీ మా వైపు చెయ్యి చూపించాడు.

ఆ అమ్మాయి రిఫరీ వైపు చూడలేదు. నా వైపు చూసింది. నేను వంగి బూటు లేసు కట్టుకున్నాను. అది ఊడిపోలేదు. ఊడదీసి మళ్లీ కట్టాను.

నేను లేచేసరికి మా వాళ్లు బంతి లోపలికి విసిరారు, కెప్టెన్ బుట్టలో వేసింది, విజిల్ మోగింది. గెలిచాం.

ఇంట్లో నాన్న లుంగీ సర్దుకుంటూ, "గెల్సినారు గదే, మరేటి ఆ మొకం?" అన్నాడు.

"రిఫరీ అంతా మాకే ఇచ్చాడు నాన్నా."

"మనోడు మనకి ఊదక ఆలకి ఊదుతాడేటి?" అని నవ్వాడు. ఆ నవ్వుకు కూడా నాకు వెగటు పుట్టింది.

పత్రికలో రెండు రోజులకు వార్త వచ్చింది. ఉత్కంఠభరిత పోరు, క్రీడాస్ఫూర్తి వెల్లివిరిసిందట. రాసినవాడు కోర్టు ముఖం కూడా చూడలేదు. ఆ పొద్దున బోర్డు మీద వార్తలన్నీ మానేసి ఇదొక్కటే రాశాను: "సెమీఫైనల్ మన జట్టు గెలవలేదు. విజిల్ గెలిచింది." కింద ఏడు తప్పుడు నిర్ణయాలు వరసగా రాశాను. ఏడోది ఇలా రాశాను: "బంతి మన జట్టు అమ్మాయి చేతికి తగిలి బయటికి పోయింది. అయినా మనకే ఇచ్చారు."

ప్రార్థన వరసలు చెదిరిపోయి పిల్లలంతా బోర్డు ముందు మూగారు. కోచ్ వచ్చి నిదానంగా పైనుంచి కిందిదాకా చదివారు. తర్వాత తుడిచారు.

"ఇంతకీ నువ్వు ఏ జట్టు?" అని అడిగారు.

చాక్‌పీసు లాక్కున్నారు. మా కెప్టెన్ మాట్లాడటం మానేసింది. నేను ఆ తర్వాతి మూడు రోజులూ తల ఎత్తుకుని తిరిగాను. సత్యం కోసం దెబ్బ తిన్నదాన్నని నా లెక్క.

ఆదివారం అమ్మతో గీదం సంతకు వెళ్లాను. అమ్మ ఎండుచేపలు ఏరుతోంది. రెండు గంపల అవతల ఆ మరైగూడ అమ్మాయి, హాస్టల్ కోసం కొన్న కూరగాయల బస్తా పట్టుకుని నిలబడి ఉంది. పరుగెత్తినట్టే వెళ్లాను. బోర్డు సంగతి, కోచ్ సంగతి, చాక్‌పీసు లాక్కున్న సంగతి ఊపిరాడకుండా చెప్పాను. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను.

"ఆఖరి బంతి గూడ రాసినవా?" అంది.

"రాశాను."

"ఎవల చెయ్యి తగిలిందని రాసినవ్?"

నేను అమ్మ ఏరుతున్న చేపల వైపు తల తిప్పాను.

"చెప్పు, ఎవల చెయ్యని?"

"మా జట్టు అమ్మాయి అని."

"నీ చెయ్యే గద." ఆమె గొంతు పెంచలేదు. "ఆయనకు కనబడలే అనుకుందాం. నీకు ఎరికే గద. ఒక్క మాట జెప్తే అయిపోతుండె. నువ్వు లేసు కట్టుకుంట కూసున్నవ్. ఇప్పుడు బోర్డు మీద రాస్తే మాకేమొస్తది?"

బస్తా భుజానికెత్తుకుంది. "వార్డెన్ పిలుస్తుంది, పోత," అని వెళ్లిపోయింది. ఎవరే ఆ పిల్ల అని అమ్మ అడిగింది. బడిపిల్ల అన్నాను.

తిరుగు బస్సులో అమ్మ వైపు చూడకుండా ముఖం తిప్పుకుని కూర్చున్నాను. ఎండుచేపల వాసనకు అని అమ్మ అనుకుంది. ఎవరు చేశారో చెప్పకుండా ఏం జరిగిందో మాత్రం చెప్పడం, అన్నాళ్లూ పత్రికను తిట్టింది నేను దానికే. అదే పని నేను అచ్చంగా, తడబడకుండా, అందమైన అక్షరాలతో చేశాను. అంతకుముందు ఏ రిఫరీ మీదా, ఏ పత్రిక మీదా నాకు అంత అసహ్యం వేయలేదు.

మర్నాడు ప్రాక్టీసులో జట్టంతటి ముందు చెప్పాను, ఆ చెయ్యి నాదని. కోచ్ బంతిలో గాలి చూసుకుంటూ, "అయిపోయిన ఆట. నిన్నెవరైనా అడిగారా?" అన్నారు. మా కెప్టెన్ నేను బోర్డు రాసినప్పటి నుంచి మొదటిసారి నాతో నోరు విప్పింది. "ఇప్పుడేం చేద్దామంటావు? ఫైనల్ వాళ్లకిచ్చేద్దామా?"

"ఇచ్చేద్దాం," అన్నాను. అందరూ నవ్వారు. నవ్వనిది నేనొక్కదాన్నే.

జగదల్‌పూర్ ఫైనల్లో మొదటి సగంలోనే బంతి నా మణికట్టుకు తగిలి బయటికి పోయింది. అక్కడి రిఫరీ కూడా మాకే చూపించాడు. నేను చెయ్యి ఎత్తాను. "సర్, నాకే తగిలింది."

ఆయన ఎగాదిగా చూశాడు. "విజిల్ నీదా, నాదా?" అని గదమాయించి బంతిని మళ్లీ మా వాళ్లకే ఇచ్చాడు. ఇంకోసారి అలాగే జరిగితే ఇంకోసారి చెప్పాను. కోచ్ నన్ను బయటికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టారు. మళ్లీ లోపలికి పంపలేదు. చిత్తుగా ఓడిపోయాం. బస్సులో రిఫరీని తిట్టే పని ఈసారి మిగతావాళ్లు చేశారు. రిఫరీ తర్వాత తిట్లు తినే వంతు నాది.

ఆ వారమే మరైగూడ అమ్మాయికి హాస్టల్ చిరునామాకు ఒక కార్డు రాశాను. ఆ అమ్మాయి చదివింది హిందీ బడిలో. తెలుగు అక్షరాలు వచ్చో రావో అని తెలుగు మాటల్నే హిందీ అక్షరాల్లో రాశాను. నాలుగే వాక్యాలు. చెయ్యి నాది, నాకు తెలుసు, భయపడ్డాను, తప్పు నాది. జవాబు రాలేదు.

మరుసటి ఏడు నన్ను మళ్లీ జట్టులోకి తీసుకున్నారు, పొడుగువాళ్లు తగ్గారు గనక. పోటీలు గీదంలో జరిగాయి. హాస్టల్ జట్టులో ఆ అమ్మాయి కనిపించలేదు. పదో తరగతి అయ్యాక ఊరికి వెళ్లిపోయిందని వాళ్ల కొత్త కెప్టెన్ చెప్పింది. కార్డు అందిందా అని అడిగాను. ఆమెకు తెలియదు. ఉత్తరాలన్నీ ముందు వార్డెన్ చేతికే పోతాయని మాత్రం అంది.

ఆ మ్యాచ్‌కు ఎవరో బయటి ఊరి రిఫరీ వచ్చాడు. ఒక్కటి కూడా తప్పు ఊదలేదు. మేము పదకొండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. బస్సులో ఎవరినీ తిట్టడానికి లేక, టౌన్‌షిప్ దాకా అందరం కిటికీల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం.