బల్లి సాక్ష్యం

నాకు కూర్చుని కథ చెప్పడం చేతకాదు. కల్లూరులో మా ఇల్లు చిన్నదే అయినా వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి మేడమెట్ల దాకా తిరుగుతూ చెబుతాను. వెనకాలే మా అమ్మాయి. రెండో తరగతి. దానికి కథలో దొంగ ఉండాలి, ఆ దొంగను పట్టే జంతువు ఉండాలి. కుక్కలూ నక్కలూ అందరి కథల్లోనూ ఉంటాయని, నేను మా ట్యూబ్‌లైటు వెనక కాపురముంటున్న బల్లిని డిటెక్టివును చేశాను. బెల్లం పోయినా, కాకి గూట్లో గుడ్డు పోయినా, ఎవరి మీద అనుమానం ఉంటే వాళ్ళంతా లైటు కిందికి వచ్చి మాట చెప్పాలి. నిజమైతే బల్లి పలుకుతుంది. అబద్ధమైతే పలకదు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు, మా అత్త దగ్గర కాజేసింది. ఎవరి మాట మధ్యలోనైనా బల్లి పలికితే ఆమె వేలితో నేల మీద తట్టి "సత్యం" అంటుంది. శకునం చూడనిదే ఆమెకు పొద్దు గడవదు.

మొన్న ఎండాకాలంలో మా అమ్మాయి సాకుతున్న పిల్లి కనబడకుండా పోయింది. కడుపుతో ఉన్న పిల్లి. పిల్ల అన్నం ముట్టలేదు, గిన్నె వాయిస్తూ వీధంతా తిరిగి పిలిచింది. నేను ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను, ఎందుకంటే దొంగెవరో నాకు తెలిసిపోయింది. పెరట్లో పడేసిన గోనెసంచి నిండా పిల్లి వెంట్రుకలు. పొద్దున గుడికని షేర్ ఆటో ఎక్కిన మా అత్త చేతిలో ప్రసాదం లేకుండా తిరిగొచ్చింది. కొడుకు అంగడికి బయల్దేరే వేళకే పిల్లి అడ్డం వస్తోందని, బేరాలు పడిపోయింది అందుకేనని ఆమె ఎప్పటినుంచో సణుగుతోంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టినా కోడలు నోరు తెరవగలదా? ఒళ్ళు మండిపోయింది గానీ తెరవలేకపోయాను.

నా శిష్యురాలు ఊరుకోలేదు. సాయంత్రం అందరినీ లైటు కిందికి పిలిచింది.

"నేను చూడలా తల్లీ, అంగట్లో ఉంటి" అన్నాడు మా ఆయన నవ్వుతూ. బల్లి పలకలేదు.

"నువ్వు పక్కన నిలబడు నాన్నా. నీ మీద అనుమానం ఉండాది."

తర్వాత వాళ్ళవ్వ. చాప మీద కూర్చునే చెప్పింది. "నాకేం తెల్సు నాయనా? అది యాడికి పోయినాదో నేను చూడలా."

బల్లి టిక్ టిక్‌మని పలికింది.

మా అత్త వేలు అలవాటుగా నేలను తట్టింది. "సత్యం" మాత్రం నోట రాలేదు. "అవ్వ కాదు! అవ్వ నిజం చెప్పింది!" అంటూ నా కూతురు ఎగిరి ఆమె మెడ కావలించుకుంది.

ఇక ఆమెకూ కాలు నిలవలేదు. కాసేపటికి వంటింట్లోకి వచ్చింది. "నోరులేని జీవంతో నేను దొంగసాక్ష్యం చెప్పిస్తి గదమ్మా! ఆ పాపం యాడ పోతాది?"

"బల్లికేమైందత్తా? పిల్లి సంగతి చెప్పు" అన్నాను, గొంతు లేవకుండా చూసుకుంటూ.

ఆమె హాల్లోకి నడిచింది. నేరుగా మనవరాలి ముందు కూలబడింది. "నేనే వదిలేసి వచ్చినా నాయనా. బండల ఫ్యాక్టరీ వెనక. దోవ తెలీకుండా సంచిలో కట్టి." పిల్ల ఏడవలేదు. ఆమెకు దూరంగా జరిగి, తలెత్తి బల్లిని చూసింది. ఆ చూపు నాకు ఇంకా గుచ్చుకుంటుంది.

మర్నాడు అత్తా, నేనూ, పిల్లా ముగ్గురమూ ఆటోలో వెళ్ళి ఎండలో కాలే బండల మధ్య వెతికాం. పిల్లి లేదు. ఆ తర్వాత మా అమ్మాయి కథ అడగడం మానేసింది. నేను కథ లేకుండానే తిరుగుతున్నాను. మా అత్త మాత్రం, పిల్లిని గడప తొక్కనివ్వని మనిషి, రోజూ గడప దగ్గర గిన్నెలో పాలు పోస్తోంది.

నిన్న సాయంత్రం పాలు పోస్తూ, ఎవరితోనూ కాకుండా, "వస్తాదిలే. పిల్లి దోవ మరిచిపోదు" అంది.

బల్లి పలికింది. మా అత్త వేలు నేల దాకా వెళ్ళి ఆగిపోయింది. తిరుగుతున్నదాన్ని నేనూ ఆగిపోయాను. బొమ్మ గీసుకుంటున్న నా కూతురు తలెత్తకుండానే పెన్సిలుతో నేల మీద తట్టి, "సత్యం" అంది.