పటంలో నేను మూసిన కళ్లు

గుడ్డ మీద వరుస బొమ్మలు చూపిస్తూ పటం కథ చెప్పే మల్లయ్య తాత ఫోన్ చేసి, తమ ఇంటి పాత పటాన్ని ఆదివారం కాళేశ్వరంలో గోదావరికి ఇస్తున్నామన్నాడు. గుడ్డ చిరిగిపోతే ఆ కుటుంబం మనిషికి చేసినట్టే పటానికి దినాలు చేసి నీళ్లలో వదులుతుంది. "నువ్వు జరూర్ రావాలె" అన్నాడు. పిలుపు కన్నా నిష్ఠూరమే ఎక్కువ వినిపించింది. రెండేళ్ల క్రితం ఆ పటం గురించి ఈ బ్లాగులోనే రాశాను. చివరి బొమ్మలో వాళ్ల వంశంలో మొదటి కథకుడు నిలబడి ఉంటాడు, అతనికి కళ్లు లేవు. అది లోచూపుకు గుర్తని రాశాను. బొమ్మల గురించి నాకు తెలిసిందల్లా పుస్తకాలు చదివి సొంతంగా నేర్చుకున్నదే.

జనగామలో ఉదయం ఆరున్నరకు రైలెక్కి ఎనిమిదిన్నరకు మహబూబాబాద్ చేరాను. అక్కడి నుంచి వాళ్ల ఊరికి షేర్ ఆటోలో ముప్పై రూపాయలు. "పటం సాగనంపుడుకా అన్నా? మనిషి సస్తే గూడ గింతమంది వస్తలేరు" అని డ్రైవర్ నవ్వాడు.

వాకిట్లో పాత పటం, కొత్త పటం పక్కపక్కనే వేలాడుతున్నాయి. కొత్తదానిలో ఆ కథకుడు రెప్పలు మూసుకుని చిరునవ్వుతో కూర్చున్నాడు.

"గిదేంది తాతా?"

"నీ రాతనే బిడ్డా. పటమేసే నకాషాయన ఫోన్ల సదివి గట్లేసిండు. మా తాత కథ చెప్తాంటే ఊరి దొర లేసి చాకుతోని పాత పటంల ఆ కండ్లు గీకిండు. అడుక్కునేటోడు నా దిక్కు సూసుడేందని. గా బొమ్మ కాడికి రాంగనే కథ ఆపి మేం గిదంత చెప్తం."

"ఇగ ఏం చెప్తడు? దొర రాలే, బొమ్మల ఆయన ధ్యానం చేస్తుండని చెప్తడు" అంది తాత భార్య, నా వైపు చూడకుండా.

పాత పటం మీద వేలు పెట్టి చూశాను. కళ్ల దగ్గర నూలు తెగి ఉంది. రాయడానికి వచ్చిననాడు ఫోటో తీసుకుని గంటలో వెళ్లిపోయాను.

కొత్తదానిలో ఆ బొమ్మ దిద్దించమంటే కుదరదన్నాడు తాత. కళ్లు చివరన వేస్తారు, పూజ చేసి. ఆ తర్వాత పటానికి ప్రాణం వచ్చినట్టే, ఇక కుంచె తగలకూడదు. "అప్పుడే నన్నొక్క మాట అడుగకపోతివి. ఇంట్లనే ఉంటి గద" అన్నాడు తాత.

పదింటికి వ్యాన్ బయలుదేరింది. పరకాల, చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు దాటి భూపాలపల్లిలో తిన్నాం. మూడున్నరకు కాళేశ్వరం చేరాం. ఆ ఒక్క బొమ్మ ముక్క కత్తిరించి ఇస్తే దాచిపెడతానని నీళ్ల ఒడ్డున అడిగాను.

"దినాలైన పీనుగును ఇంటికి తీస్కపోతవా?" అన్నాడు తాత. పటం వెంటనే మునగలేదు. అతను రెండు చేతులతో నీళ్లలోకి అదిమి పట్టుకున్నాడు.

పాత రాత ఆ సాయంత్రమే తీసేశాను. దానివల్ల కొత్త పటంలో ఏమీ మారదు. దొర గీకిన చోటు ఇన్నాళ్లూ కనబడింది కనుక ఎవరో ఒకరు అడిగేవారు, వీళ్లు చెప్పేవారు. నేను గీకిన చోట గీత కూడా లేదు. పటం చూడాలనుకునేవారు పంటలు ఇళ్లకు చేరాక, కథలు చెప్పే రోజుల్లో, ముందుగా ఫోన్ చేసి వెళ్లండి. చివరి బొమ్మ దాకా పాడించుకుని వినకుండా ఒక్క ముక్క కూడా రాయకండి.