సెదాత ఎడమచెయ్యి

పూర్వం లుగ్దూనుం నగరంలో ఒక పెళ్ళివిందులో కంటివైద్యురాలు సెదాత చెంచాడు మసూరుపప్పును పక్కనున్న న్యాయాధికారి ఒళ్ళో వేసింది. పప్పు చల్లారే ఉంది. ఆయన తెల్లబట్ట మాత్రం ఆ ఉదయమే చాకలి దగ్గర్నుంచి వచ్చింది.

"ఎడమచేత్తో తింటావేమిటమ్మా? కుడిచేతికేమొచ్చింది?" అన్నాడాయన తుడుచుకుంటూ.

"దానికేం అయ్యగారూ, నిక్షేపంలా ఉంది. పాఠం దీనికి చెబుతున్నా."

రోగికి ఎదురుగా కూర్చుని శుక్లాన్ని సూదితో కిందికి అణచాలంటే ఎడమకంటికి కుడిచెయ్యి, కుడికంటికి ఎడమచెయ్యి వాడాలి. సెదాత ఎడమకళ్ళకే చేసేది. కుడికన్నయితే పొరుగూరి వైద్యుడి దగ్గరికి పంపేసేది. ఆ వైద్యుడు చనిపోయిన వారానికే లితుగేనుస్ తడుముకుంటూ వచ్చాడు. రంగురాళ్ళతో నేలలు పరిచే ముసలి పనివాడు. ఎడమకన్ను రాతిముక్క తగిలి ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కుడికంటికీ శుక్లం.

ఇక లాభం లేదని నలభై అయిదేళ్ళ ఎడమచేతిని బడిలో వేసింది. దానితోనే తినడం, కుట్టడం, ద్రాక్షపండు తొక్క చిట్లకుండా లోపల సూది నడపడం. ఎడమచేత్తో ముడేసిన జుట్టుతో చేపల అంగడికి వెళ్తే అంగడంతా నవ్వింది. మర్నాడూ అలాగే వెళ్ళింది.

వసంతంలో ఎండ బాగా కాసిన ఒక ఉదయం ముసలాయన్ని వెలుగుకెదురుగా పీట మీద కూర్చోబెట్టింది. ఆయన భార్య కరంతియ వెనక నిలబడి తల పట్టుకుంది.

"కదలకు తాతా."

"నా సంగతి సరే, నీ చెయ్యి చూసుకో."

"నోరు కదిలితే కన్నూ కదుల్తుంది."

"నలభయ్యేళ్ళకి ఒక మంచిమాట విన్నాను!" అంది కరంతియ.

సూది లోపలికి వెళ్ళింది. ఎడమచెయ్యి దాన్ని ద్రాక్షపండులో నడిపినట్టే నడిపింది. మీగడలాంటి పొర మెల్లగా కిందికి జారి నల్లని కనుపాప బయటపడింది.

"నీ ముక్కు ఇంత పెద్దదా?" అన్నాడు ముసలాయన.

సెదాత నవ్వలేదు. అణచిన పొర నెల లోపల మళ్ళీ పైకి లేచిందంటే చూపు పోయినట్టే. గుడ్డు తెల్లసొనలో ముంచిన ఉన్నితో కట్టు కట్టి, జావ తప్ప ఏమీ పెట్టొద్దని పంపింది. కట్టు విప్పాక కూడా ఆమెకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఎవరు తలుపు తట్టినా ముసలాయన కబురేమో అనుకునేది.

నెల దాటాక కరంతియ వచ్చిపడింది. తలనిండా సున్నం.

"ఇదేం వైద్యమమ్మా! నీలంరాళ్ళ మధ్య ఒక్క బూడిదరంగు రాయి ఉందని మా ముందుగది నేలంతా తవ్విపోశాడు. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు!"

"అయితే పొర మళ్ళీ లేవలేదన్నమాట!" అంది సెదాత.